అన్న కోటు

నెల్ మౌన్సీ నా బస్సెక్కిన రెండేళ్లూ డ్రైవరు సీటు వెనకాలే కూర్చుంది. ఇంకెక్కడ కూర్చున్నా పక్కవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. పొద్దున్నే లేచి గొర్రెలకు మేత వేసి, ఆ చేతులతోనే సంచీ భుజాన తగిలించుకుని రోడ్డు మీదికి పరిగెత్తుకొచ్చే పిల్ల దగ్గర గులాబీల వాసన వస్తుందా? ఒకరోజు అద్దంలోంచి చూస్తూ, మీ తాతలంతా ఏ అత్తరు కొట్లో పనిచేశారర్రా అని అడిగాను. వెనక సీట్లన్నీ గప్‌చుప్. అందరివీ గొర్రెల ఇళ్లే మరి.

నా పేరు మావిస్. హార్త్‌వెయిట్ లోయ పిల్లల్ని పొద్దున కాలేజీలో దించి సాయంత్రం తిరిగి తెచ్చే బస్సు తోలుతాను. మా ఆయన పోయినప్పటి నుంచి అదే నా పని, అదే నా కాలక్షేపం. మౌన్సీల ఇల్లు మా ఇంటికి ఎగువన, వాగు దాటితే వస్తుంది. లోయలో అన్నిటికంటే ఎత్తున ఉన్న ఇల్లు అదే. దాని పెరటి గోడ దాటితే ఇక కొండే. ఇంటి పెద్ద విల్ఫ్. ఆయన భార్య ఐరిస్ జబ్బుచేసి పోయేనాటికి కొడుకు జాస్‌కి ఇంకా మీసాలు రాలేదు, కూతురు నెల్ పాలపళ్లు ఊడే వయసులో ఉంది. ఆ తర్వాత విల్ఫ్ మరో పెళ్లి మాట ఎత్తలేదు. అసలు ఏ మాటా పెద్దగా ఎత్తలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు గానీ, మా లోయలో విల్ఫ్ కంటే మొండివాణ్ణి, విల్ఫ్ కంటే ఒంటరివాణ్ణి నేను చూడలేదు.

స్కూలు చదువు అవగానే నెల్ తండ్రి ముందు నిలబడి, కాలేజీలో వ్యవసాయం కోర్సు చేరతానంది. గొర్రెలు, పచ్చికలు, ఈతలు, జబ్బులు అన్నీ అందులోనే నేర్పుతారు. జాస్ చదివింది కూడా అదే. విల్ఫ్ బూట్లు విప్పుకుంటూ తలెత్తకుండానే, "ఒక కొండకి ఒక కాపరి చాలు" అన్నాడు. అంతే, దాని మీద ఇంకో మాట లేదు. ఆ పిల్ల ఏడవనూ లేదు, వాదించనూ లేదు. అదే కాలేజీలో జంతువుల సంరక్షణ కోర్సులో చేరింది. ఒక గోడకి అటు పక్క వ్యవసాయం వాళ్ల గొర్రెల కొట్టం, ఇటు పక్క వీళ్ల జంతువుల ఇల్లు. కుందేళ్లు, గినీ పందులు, ముంగిసల్లాంటి ఫెరెట్లు, మేకలు, గాజు పెట్టెల్లో ఒక పామూ ఒక పెద్ద తొండా. మధ్యాహ్నం అన్నం వేళ నెల్ ఆ గోడ దగ్గరే నిలబడి తినేదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, సాయంత్రం దాకా నేను బస్సు నిలిపి ఉంచే చోటు నుంచి కనబడేది.

విల్ఫ్‌కి వెటకారం ఒక్కటే మిగిలిన సరదా. కూతురు ఇంటికి రాగానే, ఇవాళ కుందేళ్లకి జడలు వెయ్యడం నేర్పారా, గినీ పందికి జోల పాడావా అని అడిగేవాడట. నెల్ ఆ మాటల్ని మర్నాడు నాకు నవ్వుతూ చెప్పేది. నవ్వుతూనే చెప్పేది గానీ, కిటికీ వైపు తిరిగి చెప్పేది.

చదువులో మాత్రం ఆ పిల్లని వేలెత్తి చూపేవాళ్లు లేరు. మొదటి వారమే పామును పట్టుకోవాలంటే మగపిల్లలంతా గోడకి అతుక్కుపోయారట. నెల్ వెళ్లి చేయి చాపింది. ఆ సాయంత్రం బస్సులో నా వెనకనుంచి, "అది చేతికి చుట్టుకునేది వెచ్చదనం కోసమేనట ఆంటీ, ప్రేమ ఉండి కాదట. మిసెస్ ఫెన్విక్ చెప్పింది. అయినా నాకు బాగానే ఉంది," అంది. మిసెస్ ఫెన్విక్ వాళ్ల టీచరు. నాకు ఆ మాట విన్నప్పుడు విల్ఫ్‌ని బయటికి ఈడ్చి నాలుగు దులపాలనిపించింది.

ఆ ఇంట్లో నెల్‌కి ఉన్న ఆసరా అంతా జాస్. ఎంత మెత్తనివాడంటే, కుక్కను కూడా బతిమాలి పని చేయించుకునేవాడు. వాడికో పాత కోటు ఉండేది, వాన దిగకుండా మైనం పూసింది. గుండీలన్నీ ఊడిపోతే గడ్డిమోపులు కట్టే నారింజరంగు తాడు నడుముకి బిగించుకుని తిరిగేవాడు. చలికాలం, వానాకాలం, చర్చికి తప్ప అన్నిటికీ అదే కోటు. ఆ కోటు మీద గొర్రె ఉన్ని జిడ్డు, పొగాకు, పిప్పరమెంటు కలిసిన వాసన ఒకటి ఉండేది, అది వాడు వెళ్లిపోయాక కూడా గదిలో కాసేపు ఉండేది. చెల్లెలికి వాడు మాటిచ్చాడు. నాన్న ఇంకొన్నాళ్లే ఇలా మొండికేస్తాడు, ఆ తర్వాత కొండ మీద నేను, కొట్టంలో నువ్వు, మనిద్దరం చూసుకుందామని. ఆ మాట పట్టుకునే నెల్ కుందేళ్ల బోన్లు కడిగింది.

ఫిబ్రవరిలో మంచు కరిగి కొండ వాలంతా జారుడుగా ఉన్న రోజున జాస్ నాలుగు చక్రాల మోటార్‌సైకిల్ లాంటి బండి మీద మేత వేసుకుని పైకి వెళ్లాడు. బండి తిరగబడింది. ఇంటికి కుక్క ఒక్కటే వచ్చింది.

మా వైపు కాపరి పోతే పెట్టె మూసే ముందు చేతిలో గుప్పెడు ఉన్ని పెడతారు. ఆదివారాలు చర్చికి ఎందుకు రాలేదని పైన ఎవరైనా నిలదీస్తే, ఇదిగో, గొర్రెలు కాసుకునేవాణ్ణి, ఆదివారం సోమవారం మాకెక్కడిదని చూపించడానికి. నెల్ ఆ పొద్దున్న వెళ్లి, జాస్ సీసాపాలు పట్టి పెంచిన గొర్రె మెడ దగ్గర ఉన్ని తెంపుకొచ్చింది. విల్ఫ్ దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని తనే కొడుకు చేతిలో పెట్టాడు. వేళ్లు ముడుచుకోకపోతే ఒక్కొక్కటే ముడిచాడు. నేను చూడలేక బయటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి విల్ఫ్ నోరు మూతపడింది. ముందు అందరం దుఃఖమే అనుకున్నాం. తర్వాత చూస్తే టీ కలుపుతూ చక్కెర ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు, కుక్క నిప్‌ని ఎప్పుడో చచ్చిపోయిన కుక్క పేరు పెట్టి పిలుస్తున్నాడు. డాక్టరు చూసి, ఈ మతిమరుపు ఎప్పటినుంచో ఉండి ఉంటుంది, ఎవరో వెనకుండి సర్దుతూ వచ్చారు అన్నాడు. ఎవరో ఏంటి, జాస్. పాపం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తండ్రి మరిచిపోయినవన్నీ తనే చేసుకుపోయాడు.

కొండ గొర్రెలు ఏప్రిల్ సగం దాటాక ఈనుతాయి. ఈత రోజుల్లో కొట్టంలో పనికి నెల్ ఒక్కతే. మిసెస్ ఫెన్విక్ మంచిది, కాలేజీకి రాకపోయినా ఫర్వాలేదు, ఆ కొట్టంలో చేసేదే నీకు ప్రాక్టికల్స్ అంది. నేను బస్సు నిలిపేసి వెళ్లి చేతనైన సాయం చేసేదాన్ని.

ఒక గొర్రెకి పిల్ల చచ్చి పుట్టింది. పక్క దొడ్లో తల్లి చచ్చిన పిల్ల ఒకటి ఆకలికి అరుస్తోంది. ఇలాంటప్పుడు మా వాళ్లు చేసే పని చూడ్డానికి బాగుండదు గానీ, అది లేకపోతే సగం పిల్లలు దక్కవు. చచ్చిన పిల్ల చర్మం చొక్కా విప్పినట్టు ఒలిచి, బతికున్న పిల్లకి తొడుగుతారు. తల్లి వాసన చూస్తుంది. తన పిల్లే అనుకుని పాలిస్తుంది. రెండు మూడు రోజులకి ఆ పాలు పిల్ల ఒంట పట్టి, పిల్లకి తల్లి పాల వాసనే వస్తుంది. అప్పుడు చర్మం కోసి తీసేస్తారు. ముందే తీశారో, తల్లి గోడకేసి కుమ్మి చంపుతుంది.

నెల్ కోటు అప్పటికే ఉమ్మనీటితో తడిసి ముద్దయింది. మేకుకి వేలాడుతున్న జాస్ కోటు తగిలించుకుని, తాడు బిగించి, కత్తి తీసుకుని కూర్చుంది. ఆ పని ఆమెకి ఎవరూ నేర్పలేదు. తండ్రి జాస్‌కి నేర్పుతుంటే తలుపు దగ్గర నిలబడి చూసిందంతే. అంతలో విల్ఫ్ కొట్టంలోకి వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి ముక్కు ఎగబీల్చాడు. జాస్ పోయాక ఆయన ఒక మనిషితో మాట్లాడ్డం నేను వినడం అదే మొదలు.

"ఏరా, ఎంతసేపు? కాలు దూరే కన్నం చిన్నగా కొయ్యి. పెద్దదైతే జారిపోద్ది."

నెల్ నా వైపు చూసింది. నేను నెల్ వైపు చూశాను. ఆ పిల్ల కాలి దగ్గర చిన్నగా కోసింది. విల్ఫ్ వచ్చి పక్కన చతికిలబడి తనూ చేయి వేశాడు. టీ కప్పు పట్టుకుంటే వణికే చేతులు అక్కడ వణకలేదు. ఆ సాయంత్రం నేను మాంసం, బంగాళాదుంపలు వేసి వండి తెచ్చిన కుండలోంచి రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు. తింటున్నంతసేపూ ఎదురుగా ఉన్న కోటుతో ఏవో గొర్రెల సంగతులు చెబుతూనే ఉన్నాడు.

అప్పటినుంచి ఇంట్లో ఉన్నంతసేపూ నెల్ ఆ కోటు విప్పలేదు. విప్పితే ఆయన మూగవాడైపోయేవాడు. వేసుకుంటే కొండంతా తిప్పి చూపించేవాడు. మా కొండ మీద కంచెలు లేవు. తల్లి ఎక్కడ మేసిందో పిల్లా అక్కడే మేస్తుంది, అలా తరతరాలుగా ఒక్కో మంద తన వాలు తానే పట్టుకుని ఉంటుంది. మంచు పడితే ఏ గొర్రెలు ఏ రాతి చాటుకి చేరతాయో, ఏ ఊట ఎండదో, ఎక్కడ కాలు పెడితే దిగబడుతుందో, అవన్నీ విల్ఫ్ తలలోనే ఉండేవి. నిన్న ఏం తిన్నాడో గుర్తులేని మనిషి అవి మాత్రం ఒక్కటీ మరవలేదు. ఇన్నేళ్లు కూతురు అడిగినా చెప్పనివన్నీ ఆ నెలలో కొడుకు కోటుకి చెప్పాడు.

నాకు నచ్చలేదు. ఒకరోజు వాగు దగ్గర ఆపి, ఇదేం వేషమే, ఆయన ఎన్నాళ్లు మోసపోతాడు, నువ్వెన్నాళ్లు చచ్చినవాడిలా బతుకుతావని నిలదీశాను.

"మోసం కాదు ఆంటీ," అంది. "గొర్రె కూడా ముందు చర్మం వాసనకే దగ్గరికి రానిస్తుంది. తర్వాత పిల్లని పట్టుకుంటుంది. నేను రోజూ ఆయన పక్కనే ఉంటున్నాను, నా చేత్తోనే తింటున్నాడు. ఏదో ఒకరోజు కోటు తీసేసినా నన్ను తన్నడు."

అంత చదువుకున్న పిల్ల, అంత తెలివైన పిల్ల, తండ్రిని గొర్రె లెక్కన చూస్తోంది. మరి మా వాళ్లకి తెలిసిన లోకమంతా గొర్రెలే, ఆ పిల్లని ఒక్కదాన్ని అని ఏం లాభం? కాలేజీ చదువు దానికి తోడైంది. రెండు కొత్త కుందేళ్లని జత చేయాలంటే ఒకేసారి కలపకూడదట. ఒకదాని గడ్డి ఇంకోదాని గూట్లో వేసి, తర్వాత పక్కపక్క గూళ్లలో పెట్టి, మెల్లమెల్లగా అలవాటు చేయాలట. నెల్ అచ్చంగా అదే చేసింది. ముందు, కోటుతోపాటు పెట్టుకుంటున్న జాస్ టోపీ తీసేసింది. కొన్నాళ్లకి కోటు లోపల తన నీలం స్వెటరు మెడ కనబడేలా వేసుకుంది. తర్వాత తాడు విప్పి కోటు తెరిచి ఉంచింది. గొంతు వింటే జాస్ కాదని తెలిసిపోతుందని మాటలు తగ్గించినదల్లా మెల్లగా తన గొంతుతోనే మాట్లాడసాగింది. మే నెలలో ఒకరోజు విల్ఫ్ ఆమె చేయి పట్టుకుని తిప్పి తిప్పి చూసి, నీ చెయ్యి ఇంత చిన్నదైపోయిందేంట్రా అన్నాడట. అని, ఆ చేయి వదలకుండా కూర్చున్నాడట. ఈతలయ్యాక మళ్లీ కాలేజీకి వస్తోంది కదా, మర్నాడు బస్సెక్కుతూనే ఆ సంగతి చెప్పింది. అన్న పోయాక ఆ మొహం అలా వెలగడం నేను చూడలేదు. ఒట్టు, నాక్కూడా ఆశ పుట్టింది.

కాలేజీలో మిసెస్ ఫెన్విక్‌కి ఈ సంగతి తెలిసింది, నేనే చెప్పాను. ఆవిడ నెల్‌ని తిట్టలేదు. కుందేళ్ల గూడు మూస్తూ ఒక్క మాట అడిగింది. "జత కుదరకపోతే మనం వాటిని వేరే గూళ్లలో పెట్టేస్తాం నెల్. మీ నాన్నని ఎక్కడ పెడతావ్?"

కోటు విప్పి తనని గుర్తుపట్టించుకోవాలని నెల్‌కి ఇంత తొందర ఎందుకొచ్చిందంటే, ఆ ఇల్లూ కొండా మందా అంతా జమీందారీది. విల్ఫ్ కౌలుకి చేసుకుంటున్నాడు. పిల్లల్లో ఒకరికి అప్పజెప్పే హక్కు ఆయనకుంది. కానీ ఆయన మతి పూర్తిగా పోకముందే, జమీందారు తరఫు మనిషి ముందు, తన నోటితో పేరు చెప్పాలి. లేకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆ మనిషి మిస్ ప్రింగిల్. చెడ్డది కాదు. జాస్ పోయాడని కొన్ని నెలలు ఆగింది. ఉన్ని కత్తిరించే రోజులకి ముందే, జూన్‌లో వస్తానని కబురు పెట్టింది.

ఆ రోజు పొద్దున నెల్‌కి కాలేజీలో ఆఖరి పరీక్ష. రాసి, నా బస్సులోనే ఇంటికొచ్చింది. తల దువ్వుకుంది, మొహం కడుక్కుంది, తన సొంత చొక్కా వేసుకుంది. జాస్ కోటు తలుపు పక్క మేకుకి తగిలించింది. నేను చూసి, ఇంకొన్నాళ్లు ఆగు తల్లీ, ఆయనకి నీ వాసన ఇంకా పట్టలేదన్నాను.

"ఆవిడ ఆగదు ఆంటీ. కోటులో ఉంటే ఆయన జాస్ పేరు చెప్తాడు. చచ్చిపోయినవాడికి కొండ ఎవరిస్తారు? నన్ను చూడాలి, నా పేరు చెప్పాలి."

మిస్ ప్రింగిల్ వచ్చి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుంది. నేను టీ పోశాను. విల్ఫ్ మూలన కుర్చీలో ఉన్నాడు, గడ్డం గీసుకుని, శుభ్రంగా. నెల్ వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

"నాన్నా," అంది.

విల్ఫ్ ఆమెను పైనుంచి కిందికి చూశాడు. మొహంలో ఏమీ కదలలేదు. తర్వాత భయం వచ్చింది.

"ఎవరీ పిల్ల? జాస్ ఏడీ?"

"నేను నాన్నా, నెల్‌ని."

"నెల్ కాలేజీలో ఉంది. ఎవరు నువ్వు? జాస్‌ని ఏం చేశారు?" అంటూ లేవబోయాడు. చేయి తగిలి కప్పు కిందపడి పగిలింది. నెల్ చేయి పట్టుకోబోతే తోసేశాడు. ముసలి చేయే గానీ, ఆ పిల్ల వెళ్లి అల్మరాకి కొట్టుకుంది. ఆయన గోడకి ఆనుకుని జాస్, జాస్ అని కేకలు పెడుతున్నాడు. నేను పట్టుకుంటే నన్నూ గుర్తుపట్టలేదు.

నెల్ ఇంకేం చేస్తుంది? మేకు దగ్గరికి వెళ్లి కోటు తొడుక్కుంది. ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది. విల్ఫ్ కోటు కాలరు పట్టుకుని మొహానికి దగ్గరగా లాక్కున్నాడు. ఊపిరి నెమ్మదించింది.

"ఎక్కడికి పోయావురా? ఎవరో పిల్ల వచ్చింది ఇంట్లోకి."

"వెళ్లిపోయింది నాన్నా," అంది నెల్.

మిస్ ప్రింగిల్ కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. అయినా వచ్చిన పని వచ్చిన పనే. మెల్లగా అడిగింది. మిస్టర్ మౌన్సీ, మీ తర్వాత ఈ కొండని నెల్ చూసుకుంటే మీకు సమ్మతమేనా అని. విల్ఫ్ ఆవిడకి జవాబు చెప్పలేదు. కోటుతోనే చెప్పాడు.

"నెల్‌కి వద్దురా."

"నెల్‌కి పనొచ్చు నాన్నా," అంది నెల్. గొంతు తనదే, మార్చలేదు. "నాకంటే బాగా వచ్చు."

"నాకు తెలీదంట్రా? ఇంతున్నప్పుడే అడ్డం తిరిగిన గొర్రెపిల్లని ఒక్కత్తే బయటికి లాగింది. నువ్వేమో పక్కన నిలబడి ఏడుస్తున్నావ్. గోడవతల నుంచి చూశాను నేను. మా నాన్నకి కూడా అలాంటి చెయ్యి లేదు. ఆ రోజే అనుకున్నాను, దీన్ని ఇక్కడ ఉంచకూడదని."

"ఎందుకని?"

"అంత చెయ్యి ఉన్నదాన్ని కొండ వదలదురా. మీ అమ్మని చూశావుగా, ఆ చలిలో దగ్గి దగ్గి పోయింది." ఏదో వెతుక్కున్నాడు. "మొన్నెవరి కుర్రాడికో చేతిలో ఉన్ని పెట్టాను. ఎవరి పిల్లాడో గుర్తు రావట్లేదు. తండ్రి ఎలా తట్టుకున్నాడో పాపం. నెల్ చేతిలో నేను ఉన్ని పెట్టలేను. అది వెచ్చటి గదిలో ఆ కుందేళ్లతో ఉండనీ."

నెల్ ఆ కోటు చేతుల్లో మొహం దాచుకుంది. ఇన్నేళ్లూ ఆ పిల్ల ఏ మాట కోసం గోడ పక్కన నిలబడిందో ఆ మాట వచ్చింది. వచ్చింది గానీ ఆమెకి రాలేదు. ఓ మనిషీ, ఇది అదేనయ్యా, నీ ముందున్నది నీ కూతురేనయ్యా అని అరవాలనిపించింది. అరిస్తే మళ్లీ గోడకి ఆనుకుని వణుకుతాడు. వంగి పగిలిన కప్పు ముక్కలు ఏరాను.

విల్ఫ్ బొటనవేలితో ఆమె చెంపలు తుడిచాడు. "ఏడవకురా. చెల్లికి మాత్రం చెప్పకు. నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ."

మిస్ ప్రింగిల్ కలం మూసింది. ఆవిడనేం అనగలం? ఆయన తన నోటితో, పేరుపెట్టి, వద్దన్నాడు.

సెప్టెంబరు ఆఖర్లో ఇల్లు ఖాళీ చేశారు. మా వైపు కొండ ఇల్లు చేతులు మారితే గొర్రెలు కదలవు, మనుషులే పోవాలి. కొత్తవాళ్లు, ఓ పడుచు జంట, మంచివాళ్లే. నెల్ రెండు రోజులు వాళ్లతో కొండెక్కి విల్ఫ్ చెప్పినవన్నీ చూపించింది, ఊటలు, రాతి చాటులు, దిగబడే చోట్లు. ఎందుకే అంత మంచితనం అని కసిరాను. మంచు పడితే గొర్రెలకేం తెలుసు ఆంటీ ఎవరు కౌలుదారో అంది. నిప్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. పొద్దునపూట వాగు దాకా వెళ్లి పైకి చూసి తిరిగొస్తుంది.

విల్ఫ్‌ని కింద సంత జరిగే ఊళ్లో వృద్ధుల ఆశ్రమంలో చేర్చారు. పక్కన జాస్ కూర్చున్నాడు కాబట్టి కారులో గొడవ చేయకుండా వచ్చాడు. నెల్ పరీక్షలో కాలేజీకంతటికీ మొదట నిలిచింది. ఆ కాలేజీవాళ్లే జంతువుల ఇంట్లో పనిచ్చారు. వెచ్చటి గదే. ఆయన కోరుకున్నట్టే జరిగింది.

ఆదివారాలు నెల్ జాస్ కోటు తొడుక్కుని వెళ్తుంది. గొర్రెలన్నీ పిల్లల్ని పట్టుకున్నాయా అని అడుగుతాడు. పట్టుకున్నాయి నాన్నా, ఒక్కటీ తన్నలేదు అని చెబుతుంది. ఆ కోటుకి జాస్ వాసన ఎప్పుడో పోయింది. ఇప్పుడు దానికి ఎండుగడ్డి, కుందేళ్లు, నెల్ వాడే సబ్బు వాసన. అయినా ఆయనకది జాసే.

కాలేజీవాళ్లు బుధవారాలు ఆ ఆశ్రమానికి కుందేళ్లను తీసుకెళ్తారు. ముసలివాళ్లు వాటిని ఒళ్లో పెట్టుకుని నిమురుకుంటారు, ప్రాణం తేలిక పడుతుందట. బస్సు నేనే తోలతాను. మొదటి బుధవారం నెల్ కాలేజీ ఆకుపచ్చ బట్టల్లో, కోటు లేకుండా వెళ్లింది. మళ్లీ భయపడతాడేమోనని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. భయపడలేదు. కుందేలు తెచ్చిన ఎవరో అమ్మాయి అనుకున్నాడు. నెల్ ఆయన ఒళ్లో తువ్వాలు పరిచి, తెల్ల కుందేలుని పెట్టి, పక్కన కూర్చుంది. ఆయన దాని చెవులు నిమురుతూ కూర్చున్నాడు.

"మా అమ్మాయి కూడా ఇదే చదువుతోంది," అన్నాడు. "మీ కాలేజీలోనే. నెల్ అని. నీకు తెలుసా?"

"తెలుసండీ," అంది నెల్.

"బాగుందా?"

"బాగుందండీ."

"మంచి చెయ్యి దానిది." కుందేలుని చూస్తూ తల ఊపాడు. "ఈమధ్య రావట్లేదు. నామీద కోపం ఉంటుందిలే. కనబడితే ఒక్కసారి వచ్చి వెళ్లమని చెప్పు తల్లీ."

"చెప్తానండీ."

టైమవగానే కుందేలుని బుట్టలో పెట్టుకుంది, తువ్వాలు మడత పెట్టింది, వెళ్లొస్తానండీ అని చెప్పి వచ్చేసింది. తిరుగు ప్రయాణంలో బస్సంతా ఖాళీ. అయినా వచ్చి నా వెనక సీట్లోనే కూర్చుంది.